రవ్వ మంచుకు 7 కిలోల సంచి

ఇక్కడ మనం కొత్తావకాయకు కాయలు బేరమాడే రోజుల్లో అక్కడ ఆల్ప్స్‌లో స్కీయింగ్ సీజన్ తోక చివరికి వస్తుంది. జనం పలచబడతారు, గదుల అద్దెలు దిగుతాయి, వెచ్చటి ఎండ కాస్తుంది. మంచు ఒక్కటే గంటల లెక్కన పేచీ పెడుతుంది. ఆ లెక్క పట్టుబడితే భుజాన ఒక్క సంచితో వెళ్లి రావచ్చు.

విస్ప్ స్టేషన్‌లో బండి మారడానికి మాకున్నది 7 నిమిషాలు. స్విట్జర్లాండులో 7 నిమిషాలంటే బోలెడంత సమయమని మా తమ్ముడు ముందే ధైర్యం చెప్పాడు. చిన్నాన్న కొడుకు, జూరిక్‌లో ఉద్యోగం. వాడి లెక్కలో నా పెట్టె లేదు. హైదరాబాద్‌లో 23 కిలోలతో బయల్దేరిన పెట్టె అది. పచ్చళ్లూ పొడులూ జూరిక్‌లో వాడింట్లో దించేశాక కూడా 16 కిలోలు తూగింది. దాన్ని బోగీ లోంచి దించి, అండర్‌పాస్‌లో దొర్లించుకుంటూ అవతలి ప్లాట్‌ఫారం ఎక్కేసరికి జెర్మాట్ వెళ్లే ఎర్ర బండి మా కళ్లెదుటే కదిలింది. గార్డును బతిమాలితే ఆపుతాడేమోనని చెయ్యి కూడా ఊపాను. ఆయన మర్యాదగా తిరిగి చెయ్యి ఊపాడు.

"ఇప్పుడు చెప్పక్కా, ఇందులో ఏమున్నాయసలు?" అన్నాడు వాడు బెంచీ మీద కూలబడి.

చెప్పాను. బొంతలాంటి జాకెట్టు, మూడు స్వెటర్లు, రెండు జీన్సు ప్యాంట్లు, ఉలెన్ శాలువా, రోజుకో జత చొప్పున బట్టలు, ఎందుకైనా మంచిదని ఒక చీర. వాడు నవ్వలేదు, అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది. నాలుగు రోజుల తర్వాత తిరుగు ప్రయాణంలో లెక్క చూసుకుంటే, ఆ పెట్టెలో నేను కొండ మీద వాడినవి సాక్సులు, చేతి తొడుగులు, ఒక పల్చటి లోపలి చొక్కా. మిగతావన్నీ జెర్మాట్ చూసి వచ్చాయంతే.

మరుసటి ఏప్రిల్‌లో మళ్లీ వెళ్లాను. ఈసారి 7 కిలోలు. ఈ కథనం ఆ రెండు ఏప్రిళ్ల మధ్య నేర్చుకున్నది.

ఎత్తు చూసి ఊరు ఎంచుకోవాలి

ఆల్ప్స్ అనగానే అన్నీ మంచు కొండలే అనుకుంటాం. జనవరిలో అది దాదాపు నిజం. ఏప్రిల్ మూడో వారానికి మాత్రం కింద ఊళ్లలో పచ్చగడ్డి, ఆవులు, పసుపు పువ్వులు. ఆస్ట్రియాలో పేరుమోసిన కిట్జ్‌బ్యూల్ ఊరు 760 మీటర్ల ఎత్తులో ఉంది. ఫ్రాన్స్‌లో మోర్జీన్ దాదాపు 1,000 మీటర్లు. చలికాలంలో ముచ్చటగా ఉండే ఊళ్లే, కానీ సీజన్ చివర్లో వాటిని నమ్ముకుంటే బురదలో నడవాల్సి వస్తుంది. 1,000 మీటర్లు పైకి వెళ్లేకొద్దీ గాలి ఆరేడు డిగ్రీలు చల్లబడుతుంది. ఏప్రిల్ స్కీయింగంతా ఆ ఆరేడు డిగ్రీల మీద బతుకుతుంది.

అందుకే చూడాల్సింది పైన ఉన్న లిఫ్టులు ఎంత ఎత్తుకు వెళ్తాయి, ఊరు ఎంత ఎత్తులో ఉంది అన్న రెండు అంకెలు. ఫ్రాన్స్‌లో వాల్ తొరాన్స్ ఊరే 2,300 మీటర్ల మీద ఉంది. యూరప్ స్కీ ఊళ్లలో అంతకన్నా ఎత్తయినది లేదు. టీన్య్ 2,100 మీటర్లు, దాని తలమీద గ్రాండ్ మోత్ హిమానీనదం. ఆస్ట్రియాలో ఓబర్‌గుర్గ్‌ల్ 1,930. అదే దేశంలో హింటర్‌టుక్స్ హిమానీనదం మీద, లిఫ్టులు 3,250 మీటర్ల దాకా వెళ్లేచోట, ఏడాది పొడవునా స్కీయింగ్ నడుస్తుంది. జెర్మాట్ ఊరు 1,600 పైచిలుకే అయినా కేబుల్ కారు 3,883 మీటర్ల దాకా తీసుకెళ్తుంది. అక్కడా ఎండాకాలంతో నిమిత్తం లేదు. 'లేదు' అని ఇప్పుడు గట్టిగా అనడానికి కొంచెం జంకు. 2022 జులై చివర్లో వేడికి తట్టుకోలేక జెర్మాట్ వాళ్లే వేసవి స్కీయింగ్ ఆపేశారు. 2022, 2023 రెండేళ్లలోనే స్విస్ హిమానీనదాలు తమ మంచులో పదో వంతు పోగొట్టుకున్నాయి.

తేదీల సంగతికొస్తే, అసలు కీలకం ఈస్టర్. అది మన ఉగాదిలాగే చంద్రుణ్ని పట్టుకుని తిరిగే పండగ, మార్చి 22 నుంచి ఏప్రిల్ 25 మధ్య ఎప్పుడైనా రావచ్చు. 2025లో ఏప్రిల్ 20న వచ్చింది, 2027లో మార్చి 28న వస్తుంది. ఈస్టర్ సెలవుల్లో యూరప్ పిల్లలంతా కొండల మీదే ఉంటారు. అవి అయిపోయాక గదుల ధరలు దిగుతాయి, లిఫ్టుల దగ్గర క్యూలు మాయమవుతాయి. మన బడులకు వేసవి సెలవులిచ్చేది ఏప్రిల్ చివరి వారంలో. అప్పటికి ఆల్ప్స్‌లో సగానికి పైగా ఊళ్లు లిఫ్టులు కట్టేసి ఉంటాయి. కాబట్టి పిల్లలతో వెళ్లాలనుకునే తెలుగువాళ్లకు పైన చెప్పిన ఎత్తయిన ఊళ్లే దిక్కు. మే మొదటి వారం దాకా వీటిలో చాలావాటికి ఊపిరి ఉంటుంది. ఊరు తెరిచి ఉన్నా, ఏయే లిఫ్టులు తిరుగుతున్నాయో టికెట్ కొనేముందే చూసుకోవాలి. చివరి వారాల్లో ఒక్కో పక్కనే మూసుకుంటూ వస్తారు.

నేను జెర్మాట్‌నే ఎంచుకోవడానికి ఇంకో కారణం రైలు. జూరిక్ నుంచి విస్ప్‌కు సుమారు రెండు గంటలు, అక్కణ్నుంచి ఆ ఎర్ర బండిలో గంటా పది నిమిషాలు. 2007లో తెరిచిన 34.6 కిలోమీటర్ల లోట్ష్‌బర్గ్ సొరంగం కొండ అడుగు నుంచి దూరి అవతల తేలుస్తుంది. జెర్మాట్‌లోకి మామూలు కార్లను రానివ్వరు. వీధుల్లో తిరిగేవి అగ్గిపెట్టెల్లాంటి కరెంటు బండ్లే. కారు లేని ఊరికి వెళ్లేటప్పుడు పెద్ద పెట్టె మోసుకెళ్లడం ఎంత తెలివితక్కువో మొదటి ఏడాది స్టేషన్ నుంచి గది దాకా ఎదురెక్కుతూ తెలుసుకున్నాను.

అద్దెకు దొరకనివి మూడే

స్కీలు, బూట్లు, కర్రలు, హెల్మెట్... అన్నీ కింద దుకాణాల్లో అద్దెకిస్తారు. రాత్రికి లిఫ్టు దగ్గరే లాకరులో పెట్టుకోనిస్తారు, గదికి మోయక్కర్లేదు. కొన్నిచోట్ల జాకెట్లూ ప్యాంట్లూ కూడా దొరుకుతాయి. నా ప్యాంటు మరదలిది, నడుము దగ్గర పిన్నీసు నాది. ఇంటి నుంచి తీసుకెళ్లాల్సినవి ఒంటికి అంటుకునేవీ, కంటికి పెట్టుకునేవీ, చేతికి తొడుక్కునేవీ. అంతే.

సాక్సుల గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే మొదటి ఏడాది నేను ఏడ్చింది వాటివల్లే. చలి కదా అని రెండు జతలు ఒకదాని మీద ఒకటి వేసుకున్నాను. స్కీ బూటు ప్లాస్టిక్ డొప్ప, దానికి సాగే గుణం లేదు. రెండు సాక్సుల మడత పిక్క ఎముక మీద పడి, మధ్యాహ్నానికి అక్కడ వాత తేలింది. రక్తం ఆడక వేళ్లు ఇంకా చల్లబడ్డాయి. మోకాలి దాకా వచ్చే పల్చటి ఉన్ని సాక్సు ఒక్కటి చాలు. నిటారుగా నిలబడితే బొటనవేలు బూటు ముందు గోడకు తగలాలి, మోకాళ్లు ముందుకు వంచితే వెనక్కి జరగాలి. మడమ లేవకూడదు. దుకాణంలో ఐదు నిమిషాలు ఆ బూట్లతోనే అటూ ఇటూ తిరిగి చూడండి. వెనకాల వాళ్లు విసుక్కున్నా సరే.

అదే దుకాణంలో ఒక కాగితం ఇస్తారు. ఎత్తు, బరువు, వయసు, స్కీయింగ్ ఏ మాత్రం వచ్చు అని నాలుగు గళ్లు. నేను బరువు దగ్గర 8 కిలోలు తగ్గించి రాశాను. పక్కనుంచి చూసిన తమ్ముడు కాగితం లాక్కుని దిద్దాడు. బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్ ఎంత ఒత్తిడికి ఊడాలో ఆ అంకెలతోనే బిగిస్తారు. బరువు తగ్గించి చెప్తే ఊడకూడనప్పుడు ఊడుతుంది. వచ్చినదానికన్నా ఎక్కువ వచ్చని కోస్తే పడ్డప్పుడు ఊడదు, మోకాలు తిరుగుతుంది. పెళ్లిచూపుల్లో చెప్పే అంకెలు అక్కడ పనికిరావు.

రెండో ఏడాది సంచిలో ఉన్నవి ఇవి: మెరీనో ఉన్ని లోపలి చొక్కాలు రెండు, లోపలి ప్యాంటు ఒకటి, సాక్సులు రెండు జతలు, పల్చటి ఫ్లీస్, తొడుగులు, గాగుల్స్, చలువ కళ్లద్దాలు, సన్‌స్క్రీన్, పెదాలకు బామ్, సాయంత్రానికి ఒక జత బట్టలు, మందులు, ఛార్జర్. వాన ఆపే పైజాకెట్టు ఒంటి మీదే. దాని జేబుల్లో పాస్‌పోర్టు, ఫోను, వేరుశనగ చిక్కీ. మెరీనో ఉన్ని రెండు మూడు రోజులు వేసుకున్నా వాసన రాదు. రాత్రి సింకులో జాడించి రేడియేటర్ మీద ఆరేస్తే పొద్దునకు పొడిగా ఉంటుంది. మన రెండు పిన్నుల సన్నటి ప్లగ్గు స్విస్ గోడల్లో దూరుతుంది, అడాప్టర్ బరువూ తప్పింది.

చేతి సంచితోనే వెళ్లేవాళ్లకు ఒక చేదు నిజం. ఆవకాయ సెక్యూరిటీ వాళ్ల లెక్కలో ద్రవం కిందకే వస్తుంది, 100 మిల్లీలీటర్లు దాటితే సీసా అక్కడే వదిలేయాలి. సన్‌స్క్రీన్‌కూ అదే కొలత. నెయ్యిని పెట్టెలో పెట్టినా స్విట్జర్లాండులోకి రానివ్వరు, పాల సరుకు కాబట్టి. కందిపొడికి ఏ అభ్యంతరమూ లేదు. మూడో రోజు సాయంత్రం, చీజ్ కరిగించి రొట్టె ముంచుకు తినే ఫాండ్యూ ముందు కూర్చుని, మా తమ్ముడు ఆ పొడి పొట్లం అడిగి తీసుకున్నప్పుడు పెట్టె గొడవ తాలూకు బాకీ తీరిందనుకున్నాను.

తేలిగ్గా వెళ్లడం నేను కనిపెట్టిందేమీ కాదు. షెర్లాక్ హోమ్స్‌ను సృష్టించిన ఆర్థర్ కానన్ డాయ్‌ల్ భార్య క్షయ వైద్యం కోసం దావోస్‌లో ఉన్న రోజుల్లో, 1894 మార్చి 23న, ఆ ఊరివాళ్లయిన బ్రాంగర్ అన్నదమ్ములిద్దరితో కలిసి స్కీల మీద కనుమ దాటి అరోసా వెళ్లాడు. అదీ సీజన్ చివరే. లిఫ్టుల్లేవు, ప్రత్యేకమైన బట్టల్లేవు. ఒంటి మీద ట్వీడ్ సూటు. ఒకచోట నిటారు వాలు మీద స్కీలు చేజారితే, ఆ పెద్దమనిషి ప్యాంటు మీదే కూర్చుని కిందికి జారాడు. ఆ గుడ్డ ఎన్నటికీ చిరగదన్న దర్జీ మాట అక్కడ తేలిపోయిందని, అదే ఏడాది స్ట్రాండ్ పత్రికలో రాసిన వ్యాసంలో తనమీద తనే జోకు వేసుకున్నాడు.

ఇనుము, రవ్వ, జావ

ఏప్రిల్ మంచుకు రోజుకు మూడు అవతారాలు. పగలు ఎండకు పైపొర కరుగుతుంది, రాత్రి గడ్డకడుతుంది. ఇలా కరుగుతూ గడ్డకడుతూ ఉంటే మంచు పలుకులు గుండ్రంగా, పెద్దవిగా తయారవుతాయి. చేతిలోకి తీసుకుంటే అచ్చం బొంబాయి రవ్వ. ఆస్ట్రియన్లు దీన్ని ఫిర్న్ అంటారు. ఫ్రెంచివాళ్లకు ఇది మోకెట్, అంటే తివాచీ. సీజన్ చివర్లో వచ్చేవాళ్లు వెతుక్కునేది ఈ రవ్వ కోసమే.

పొద్దున 8 గంటలకు పైకి వెళ్తే రవ్వ ఉండదు, ఇనుము ఉంటుంది. రాత్రి యంత్రాలు దువ్విన గాళ్లు గాళ్లుగానే గడ్డకట్టి, స్కీల కింద రేకు మీద గీసినట్టు గరగరమంటాయి. మొదటి ఏడాది ఉత్సాహంకొద్దీ మొదటి లిఫ్టే ఎక్కి, ఆ గరగరలో మూడుసార్లు పడ్డాను. పిరుదుల మీద మచ్చ పది రోజులు ఉంది. రెండో ఏడాది తమ్ముడు తొమ్మిదిన్నర దాకా కాఫీ దగ్గర్నుంచి లేవనివ్వలేదు. పదింటికి చేతికర్ర మొన మంచులో గుచ్చి చూశాడు, దిగలేదు. పదీ ఇరవైకి మళ్లీ గుచ్చాడు. ఒక అంగుళం దిగి ఆగింది. "పదక్కా, ఉప్మా రెడీ" అన్నాడు. నిజంగానే, పైన అంగుళం మందాన మెత్తటి రవ్వ, కింద గట్టి నేల. స్కీ తిప్పితే తిరిగినట్టు వచ్చింది. నాలాంటి సగం నేర్చినవాళ్లు కూడా తమకు బాగా వచ్చేసిందని భ్రమపడే గంటన్నర అది. ఒంటిగంటయ్యేసరికి ఆ రవ్వే జావ. స్కీలు కూరుకుపోతాయి, తొడలు మండుతాయి, మోకాళ్లు మెలిపడేదీ ఎక్కువగా అప్పుడే.

కిటుకు సూర్యుణ్ని అనుసరించడం. తూర్పు ముఖం వాలు ముందు మెత్తబడుతుంది, తర్వాత దక్షిణం, ఆ తర్వాత పడమర. ఉత్తరం వైపు వాలులో చలికాలం ఇంకా కాపురముంటుంది. పొద్దున తూర్పుతో మొదలుపెట్టి, ఒక్కో వాలూ జావ కాకముందే పక్కదానికి, పైదానికి మారిపోవాలి. వంటింట్లో నాలుగు పొయ్యిల మీద నాలుగు గిన్నెలు చూసుకునేవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. చివరికి హిమానీనదం మీద తేలి, మధ్యాహ్నం రెండింటికల్లా చాలు అనుకోవాలి. కింద ఊరి దాకా జారి వెళ్లాలన్న పట్టుదల వద్దు. ఊరికి పైనున్న ఫురీ లిఫ్టు స్టేషన్ నుంచి కిందికి మంచుకన్నా మట్టే ఎక్కువ, గొండోలాలో కూర్చుని దిగడం నామోషీ కాదు.

రాత్రి ఆకాశం ఎలా ఉందో చూసి పడుకోవడం ఇంకో అలవాటు. చుక్కలు కనిపిస్తే మంచు తన వేడినంతా ఆకాశానికి వదిలి బిగుసుకుంటుంది. మబ్బు కమ్మితే దుప్పటి కప్పినట్టే, గడ్డకట్టదు. అలాంటి పొద్దున ఎనిమిదింటికే జావ సిద్ధం. దువ్విన దారులు దాటి బయటికి వెళ్లేవాళ్లకు ఆ రోజు ప్రమాదకరం, తడి మంచు బరువుకు వాలు మొత్తం కదిలి వస్తుంది. దావోస్‌లోని మంచు పరిశోధన సంస్థ సీజన్‌లో రోజూ సాయంత్రం 5కు హిమపాతాల హెచ్చరిక ప్రకటిస్తుంది, ఒకటి నుంచి ఐదు మెట్ల కొలతతో. మనం దువ్విన దారులు దాటకపోయినా అది చూసుకోవడం మంచిది.

ఏప్రిల్ కదా అని చలికాలం పోయిందనుకోవద్దు. 2025లో ఈస్టర్ ముందు గురువారం, ఏప్రిల్ 17న, ఇదే జెర్మాట్‌కు భారీ మంచుతో రైలూ రోడ్డూ ఆగిపోయి, కరెంటు పోయింది. టీన్య్‌లో జనాన్ని ఇళ్లలోంచి రావద్దన్నారు. అందుకే తిరుగు విమానానికి ముందు ఒక రోజు ఖాళీ వదిలిపెట్టండి. అది జూరిక్‌లో గడిచినా నష్టం లేదు.

సరిహద్దు అవతల కాఫీ

జెర్మాట్ పైన హిమానీనదం మీద ఒక చోట స్విట్జర్లాండు అయిపోతుంది. అవతలి వాలు ఇటలీది, కింద చెర్వీనియా. రెండు దేశాలకూ పనికొచ్చే పాస్ తీసుకుంటే పొద్దున ఇక్కడ టిఫిన్, మధ్యాహ్నం అక్కడ పాస్తా. 2022 జనవరి నుంచి ఇటలీ వాలుల మీద జారేవాళ్లకు, ఎదుటివాళ్లకు దెబ్బ తగిలితే కట్టే బీమా తప్పనిసరి. పాస్‌తోపాటే కొనొచ్చు. కాఫీ కూడా అక్కడ సగం ధర.

ఆ కాఫీ దగ్గరే కాస్త ఆలస్యమైంది. రెండోది చెప్పబోతుంటే తమ్ముడు శిఖరం కేసి చూసి లేచాడు. గాలికి మంచు జెండాలా ఎగురుతోంది. "గాలి ముదిరితే లిఫ్టు ఆపేస్తారక్కా. రోడ్డు మీద చుట్టూ తిరిగి పోవాలంటే రాత్రవుతుంది, ట్యాక్సీకి నా జీతం చాలదు." పైకి చేరి స్విస్ వైపు తిరిగిన కాసేపటికే మా వెనక కుర్చీలు ఆగిపోయాయి. అప్పటినుంచి సరిహద్దు దాటేవాళ్లకు నేనిచ్చే సలహా: చివరి లిఫ్టు వేళ కన్నా గంటన్నర ముందే బయల్దేరండి, పాస్‌పోర్టు జేబులోనే ఉంచుకోండి.

బీమా గురించి ఇంకో మాట. షెంజెన్ వీసాకు 30,000 యూరోల వైద్య బీమా అడుగుతారు కదా అని అందరం ఏదో ఒకటి కొంటాం. వాటిలో చాలావాటి చిన్న అక్షరాల్లో స్కీయింగ్‌కు వర్తించదని ఉంటుంది. వింటర్ స్పోర్ట్స్ అన్న మాట చేర్పించుకుని, హెలికాప్టర్ ఖర్చు ఇస్తారో లేదో చదివి సంతకం పెట్టండి. వీసాకు ప్రయాణానికి 6 నెలల ముందు నుంచీ దరఖాస్తు చేయొచ్చు. ఏప్రిల్ ప్రయాణమైతే సంక్రాంతికే ఆ పని మొదలుపెట్టడం మేలు. వేసవి రద్దీ మార్చికే మొదలవుతుంది.

ఎండను మాత్రం తక్కువ అంచనా వేశాను, రెండో ఏడాది కూడా. ఎత్తు 1,000 మీటర్లు పెరిగితే అతినీలలోహిత కిరణాలు పదో వంతు పెరుగుతాయి. తాజా మంచు వాటిలో 80 శాతం దాకా తిరిగి మొహం మీదకే కొడుతుంది. అంటే గడ్డం కింద, ముక్కు రంధ్రాల అంచుల దగ్గర కూడా సన్‌స్క్రీన్ రాయాలి, రెండు గంటలకోసారి. కళ్లద్దాలు లేకుండా ఒక పూట ఉంటే ఆ రాత్రి కళ్లలో ఇసుక పోసినట్టుంటుంది. నేను కళ్లను కాపాడుకున్నాను, బుగ్గల్ని మర్చిపోయాను.

శంషాబాద్‌లో దిగేసరికి బయట 41 డిగ్రీలు. ఇంటి తలుపు తీసిన అమ్మ నా మొహం చూసి అలాగే నిలబడిపోయింది. గాగుల్స్ ఉన్నంత మేర తెల్లగా, మిగతాదంతా వంకాయ కాల్చినట్టు.

"మంచులోకి వెళ్లి మాడిపోయి వచ్చావేంటే?" అంది. తర్వాత నా భుజం మీంచి తొంగి వెనక మెట్ల వైపు చూసింది. "పెట్టె ఏదీ? పోగొట్టారా?"